మన ఊరి పిల్లలకు ఒక గది, ఒక పని, ఒక పద్దు పుస్తకం

తెలంగాణ గ్రామాల సర్పంచులకు, వార్డు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సర్పంచ్ గారికి, ఉప సర్పంచ్ గారికి, వార్డు సభ్యులందరికీ నమస్కారం.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో అధ్యాపకురాలిని. చాలా ఏళ్లు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా పిల్లల్ని వెంటబెట్టుకుని మీలాంటి ఊళ్లకు వచ్చాను. మీ ఆతిథ్యం తీసుకున్నాను, మీ బడి వరండాల్లో పడుకున్నాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది చిన్నదే. మీ ఊళ్లో పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ల మధ్య ఉన్న ఆడపిల్లలకూ మగపిల్లలకూ వారానికి రెండు సాయంత్రాలు తెరిచి ఉండే ఒక గది ఇవ్వండి. ఊరికి నిజంగా అవసరమైన ఒక పనిని వాళ్లకు అప్పగించండి. ఆ పనికి సరిపడా కొద్దిపాటి డబ్బు, లెక్క రాయడానికి ఒక పద్దు పుస్తకం చేతికివ్వండి. బతుకుకు కావాల్సిన నేర్పు పిల్లలకు ఇలా వస్తుంది గానీ ఉపన్యాసాలతో రాదని నాకు గట్టిగా కుదిరిన నమ్మకం.

మా కాలేజీకి వచ్చే పిల్లలు తెలివైనవాళ్లు. తొంభై శాతం మార్కులు తెచ్చుకునేవాళ్లు ఏటా ఉంటారు. కానీ బ్యాంకులో ఒక ఫారం చేతికిస్తే పక్కవాళ్ల వైపు చూస్తారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి, లోపల ఎవరిని అడగాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడి తిరిగి వచ్చేస్తారు. స్నేహితుడు బెట్టింగ్ యాప్ లింకు పంపితే వద్దని చెప్పడానికి నోరు రాదు. పరీక్ష తప్పితే ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియదు. ఆ టెన్షన్‌లో కొందరు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున మా అధ్యాపకులందరం ఫోన్లు చేతిలో పట్టుకుని భయం భయంగా కూర్చుంటాం. ఆ భయం ఏమిటో ఆ వయసు పిల్లలున్న ఇంటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే వీటికి జీవన నైపుణ్యాలని పేరు పెట్టి పదింటిని ముఖ్యమైనవిగా చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యకు దారి వెతకడం, కొత్తగా ఆలోచించడం, విన్నదాన్ని తరచి చూడడం, చెప్పదలచింది స్పష్టంగా చెప్పడం, నలుగురితో మెలగడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడం, ఉద్వేగాన్ని, ఒత్తిడిని తట్టుకోవడం. మంచి జాబితా. అయితే దీన్ని చార్టు మీద రాసి గోడకు అంటించినంత మాత్రాన ఎవరికీ ఏమీ పట్టుబడదు. నిర్ణయం తీసుకోవడం నేర్చుకోవాలంటే పిల్లవాడి ముందు నిజంగా తేల్చాల్సిన విషయం ఒకటి ఉండాలి. అది తప్పితే ఎవరికో నష్టం జరగాలి, సరిగ్గా తేలితే ఎవరికో మేలు జరగాలి. తరగతి గదిలో నేను అలాంటిది కల్పించలేను. మీ పంచాయతీలో మాత్రం అలాంటివి రోజూ ఉంటాయి.

వాళ్లకేం చేతనవుతుందని మీలో ఎవరికైనా అనుమానం ఉంటే, వినాయక చవితికి ముందు మీ ఊరి యూత్‌ను గమనించండి. ఎవరూ చెప్పకుండానే గుడి అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటారు. ఏ వాడకు ఎవరు చందాకు పోవాలో పంచుకుంటారు. మొదటిసారి ఇవ్వనన్న ఇంటికి ముఖం మాడ్చుకోకుండా మళ్లీ ఎప్పుడు వెళ్లాలో, ఎవరిని ముందు పెట్టుకుని వెళ్లాలో వాళ్లకు తెలుసు. విగ్రహానికి బేరమాడతారు, హైదరాబాద్ ధూల్‌పేట దాకా పోయి బండి మాట్లాడుకుని తెస్తారు. పోలీసులకు దరఖాస్తు పెడతారు. కరెంటు ఆఫీసులో డబ్బు కడతారు. టెంటు, మైకు, పూజారి, రోజుకొక ఇంటి ప్రసాదం, అన్నదానానికి వంటమనిషి, రాత్రి కాపలాకు వంతులు, నిమజ్జనం నాడు ట్రాక్టరు, చెరువు గట్టున ఈత వచ్చినవాళ్లు, ఇవన్నీ చూసుకుంటారు. ఆఖర్న లడ్డూ వేలం. 1994లో హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం ఇవాళ ఎన్నో పల్లెలకు పాకింది. వచ్చిన డబ్బును ఊరి పనులకు ఖర్చు పెట్టడం వల్లే బాలాపూర్ వేలానికి అంత గౌరవం వచ్చిందని నేను అనుకుంటాను.

నగరాల్లో శిక్షణ సంస్థలు ఫీజు తీసుకుని చెప్పే బడ్జెట్, బేరసారాలు, పని విభజన, గొడవ వస్తే సర్దుబాటు, అన్నీ ఇందులో ఉన్నాయి. పంతొమ్మిదేళ్ల కుర్రవాళ్లు లక్షల్లో డబ్బు చేతుల మీదుగా నడిపి, వేలమంది వచ్చే కార్యక్రమాన్ని గట్టెక్కిస్తున్నారు. నిమజ్జనం మర్నాడు టెంటు విప్పేస్తారు. ఆ కుర్రవాళ్లే మళ్లీ బస్‌స్టాపు దగ్గర, బెల్టు షాపు పక్కన, ఫోనులో తల పెట్టుకుని కనిపిస్తారు. అప్పుడు మనం వాళ్లను పనికిరానివాళ్లంటాం. ఆ తొమ్మిది రోజుల్లో పిల్లలు మారిపోలేదు, తర్వాతా మారిపోలేదు. ఆ రోజుల్లో చేయడానికి పని ఉంది, ఊరు నమ్మి వాళ్ల చేతికి డబ్బు ఇచ్చింది. మిగతా ఏడాది ఆ రెండూ లేవు.

అందులో లోపాలు లేవని నేను అనను. చాలా చోట్ల చందా లెక్క చెప్పరు, ఎవరూ గట్టిగా అడగరు, ఆ చిన్న అనుమానమే తర్వాతి ఏడు రెండు మండపాలకు దారి తీస్తుంది. డీజే దగ్గర తాగుడు ఉంటుంది. మండపం వేసేటప్పుడు, విగ్రహం తరలించేటప్పుడు కరెంటు తీగ తగిలి పిల్లలు చనిపోయిన వార్త లేని చవితి ఈమధ్య నాకు గుర్తులేదు. ఆడపిల్లలు ప్రసాదం పళ్లేలు మోయడానికే కనిపిస్తారు తప్ప కమిటీలో ఉండరు. ఎస్సీ కాలనీ పిల్లలు వేరే మండపం పెట్టుకుంటారు, లేదా దూరంగా నిలబడతారు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలకు అందులో చోటు ఉండదు. పండుగ కమిటీ పండుగ కోసం పుట్టింది కాబట్టి దాన్ని అలాగే ఉండనివ్వండి. ఊరి పిల్లలందరిదీ అయిన సంఘం కావాలంటే మాత్రం దాన్ని పిలిచి నిలబెట్టాల్సింది పంచాయతీయే. ఆ పని గుడి కమిటీ చేయలేదు, పార్టీ యువజన విభాగం అసలే చేయలేదు.

ఇది మన పని ఎలా అవుతుందని అడగవచ్చు. 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను చెప్పింది. రోడ్లు, తాగునీరు, గ్రామీణ విద్యుదీకరణతో పాటు వృత్తి శిక్షణ, వయోజన, అనియత విద్య, గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మనం సీసీ రోడ్లనే పాలన అనుకుని ఆ నాలుగింటినీ పక్కన పెట్టేశాం.

గ్రంథాలయం సంగతి విడిగా చెప్పాలి. మీ పంచాయతీ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తుంది. నూరు రూపాయలకు ఎనిమిది రూపాయలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అంటే మీ ఊళ్లో కూలికి పోయే అమ్మ కూడా పుస్తకాల కోసం పన్ను కడుతోంది. ఆ పన్నుకు బదులుగా ఆమె కూతురికి ఊళ్లో చదువుకునే ఒక గది, ఒక దినపత్రిక, ఒక పోటీ పరీక్షల పుస్తకం దొరుకుతున్నాయా? మీరు బకాయి లేకుండా కట్టి, ఊళ్లో పుస్తకాలు ఉంచి చదువుకోవడానికి ఇచ్చే పుస్తక నిక్షేప కేంద్రం కావాలని జిల్లా గ్రంథాలయ సంస్థను అడగండి. ఒక తీర్మానం, ఒక ఉత్తరం, దాని వెనక ఇద్దరు ముగ్గురు వార్డు సభ్యులు తిరగడం, దీనికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఈ నేల మీద చదువుకునే గదికి ఉన్న విలువ మన తాతలకు బాగా తెలుసు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టాయి. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 శాసించిన నిజాం కాలంలో నలుగురు కూడి చదువుకోవడం, మాట్లాడుకోవడం తేలిక కాదు. అయినా ఊళ్లలో పఠన మందిరాలు వెలిశాయి. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. సభలో లేచి మాట్లాడడం, తీర్మానం రాయడం, చందా పుస్తకం నడపడం ఒక తరం అక్కడ నేర్చుకుంది. ఆ తర్వాత ఆ తరం ఏం చేసిందో చరిత్రలో ఉంది.

ఇంకా దగ్గరి సంగతి కావాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రిపూట ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చున్నారు. చదువుతో పాటు తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్కడ ఎవరూ ఆ ఆడవాళ్లకు నాయకత్వ లక్షణాల మీద తరగతి తీసుకోలేదు. రోజూ కలిసి కూర్చోవడానికి ఒక చోటు, ఒక వేళ ఉన్నాయి. తర్వాత పొదుపు సంఘాల్లో కూడా జరిగింది ఇదే. వేలిముద్ర వేసే అమ్మ సంతకం నేర్చుకుంది, తీర్మానాల పుస్తకం రాయించింది, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడింది. మన అమ్మలకు దొరికిన ఆ అవకాశం వాళ్ల పిల్లలకు దొరకలేదు.

గది గురించి దిగులు పడకండి. కొత్త భవనం అడగడం లేదు. 2020 ప్రాంతంలో రాష్ట్రమంతటా 2,601 రైతు వేదికలు కట్టారు. మీ వ్యవసాయ క్లస్టరులో ఒకటి ఉంటుంది. సమావేశం లేని రోజుల్లో దానికి తాళమే. పాత పంచాయతీ ఆఫీసు, విద్యార్థులు తగ్గి ఖాళీ పడ్డ బడి గది, గ్రామ సమాఖ్య భవనం, వీటిలో ఏదో ఒకటి ప్రతి ఊళ్లో ఉంటుంది. 2022 జూన్‌లో మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. కొన్ని ఊళ్లలో పిల్లలు రోజూ వాలీబాల్ ఆడుతున్నారు, ఆ ఊళ్లకు నా దండాలు. చాలా చోట్ల బోర్డు మిగిలింది, నేల మీద సర్కారు తుమ్మ మొలిచింది. ఊరికి రెండు మైళ్ల దూరంలో గుట్ట పక్కన ఇచ్చిన స్థలానికి సాయంత్రం ఆడపిల్ల ఎలా వెళ్తుంది? మొదటి పనిగా ఆ ప్రాంగణాన్నే యువతకు అప్పగించి చూడండి. ఉపాధి హామీలో ఏ పని చేయించవచ్చో, నెట్టు ఎవరు కొనాలో, ఎవరు ఎప్పుడు ఆడాలో వాళ్లే తేల్చుకుంటారు.

గదిని ఎంచుకునేటప్పుడు ఒక్క విషయం మరవకండి. ఊళ్లో ప్రతి వాడ పిల్లా జంకు లేకుండా లోపలికి రాగలిగే చోటు అయి ఉండాలి. పెద్దల ఇళ్ల మధ్య, గుడి ఆవరణలో, ఒక కులం వాళ్ల సంఘ భవనంలో పెడితే సగం మంది గుమ్మం దాటరు. ఆడపిల్లల కోసం రెండు సాయంత్రాల్లో ఒకటి చీకటి పడకముందే ముగిసేలా చూడండి. మరుగుదొడ్డి, దీపం, నీళ్లు ఉండాలి. కమిటీలో సగం మంది ఆడపిల్లలే ఉండాలని తీర్మానంలోనే రాయండి. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో చదివి ఊరికి తిరిగి వచ్చే ఆడపిల్లలను చూస్తే నాకు ఎంతో సంతోషం, అంతే బాధ. అక్కడ ప్రార్థన సమావేశంలో మైకు ముందు మాట్లాడిన పిల్ల, ఊరికి వచ్చాక గడప దాటడానికి కారణం వెతుక్కోవాలి. పద్దెనిమిది నిండీ నిండకముందే సంబంధాలు చూడడం మొదలవుతుంది. ఊళ్లో ఆమెకు ఒక బాధ్యత, ఒక పేరు ఉంటే, మరో రెండేళ్లు ఆగమని తండ్రితో మాట్లాడడానికి ఆమె వైపు నలుగురు ఉంటారు.

నేర్పేవాళ్లు ఎక్కడి నుంచో రానక్కర్లేదు. మీ ఊరి లైన్‌మన్ ఒక సాయంత్రం వచ్చి స్టార్టరు దగ్గర, తడి చేతులతో, మండపం తీగల దగ్గర ఏం చేయకూడదో చెబితే ఒక ప్రాణం నిలుస్తుంది. ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త గుండె ఆగినవాళ్ల ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఎలా నొక్కాలో దిండు మీద చేయించి చూపగలరు. పాము కరిస్తే కోయకూడదని, గట్టిగా కట్టకూడదని, కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఊళ్లో ప్రతి కుర్రవాడికీ తెలిసి ఉండాలి. 108కు ఫోన్ చేసినప్పుడు ఊరు పేరు, దారి గుర్తు, రోగి పరిస్థితి తడబడకుండా చెప్పడం కూడా ఒక నేర్పే. రోడ్డు ప్రమాదంలో పడ్డవారికి సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని పిల్లలు ఇంకా భయపడుతున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. అదే సవరణలో 199ఎ కూడా ఉంది. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేకపోవడం. ఈ రెండు సంగతులూ తండ్రులు, కొడుకులు కలిసి కూర్చుని వినాల్సినవి.

ఈత గురించి కూడా చెప్పాలి. మోటబావులు ఉన్న రోజుల్లో నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్లు పిల్లల్ని నీళ్లలోకి దింపేవారు. ఇప్పుడు బావులు పూడిపోయాయి, బోర్లు వచ్చాయి. చెరువులు, చెక్‌డ్యాములు, క్వారీ గుంతలు మాత్రం నిండుగా ఉన్నాయి. ఈత రాని పిల్లలు ఎండాకాలం సెలవుల్లో అందులోకే దిగుతున్నారు. ఊళ్లో ఈత బాగా వచ్చిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను పిలిచి, తాళ్లు, ట్యూబులు పెట్టి, లోతు తెలిసిన చోట వేసవి ఉదయాల్లో నేర్పించే ఏర్పాటు పంచాయతీ చేయగలదు. అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకూ.

నన్ను ఇప్పుడు అన్నిటికంటే కలవరపెడుతున్నది ఫోను. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా దొంగదారిలో లింకులు వస్తూనే ఉన్నాయి. అప్పుల యాప్‌లు మరో పక్క. వీటికంటే తక్కువ మందికి తెలిసిన ప్రమాదం ఒకటుంది. ఎవరో పరిచయస్తుడు వచ్చి నీ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు మాకు ఇవ్వు, నెలనెలా కొంత ఇస్తామంటాడు. ఖాళీగా పడి ఉన్న ఖాతాయే కదా అని పిల్లవాడు ఇచ్చేస్తాడు. సైబర్ మోసాల్లో కొల్లగొట్టిన సొమ్ము ఆ ఖాతాలోంచి నడుస్తుంది. పోలీసులు ఖాతాదారు పేరు పట్టుకుని ఇంటికి వస్తారు. తన తప్పేమిటో కూడా అర్థం కాని వయసులో కేసు మీద పడితే ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చిక్కులో పడతాయి. గల్ఫ్‌కు పోవాలని చూసే కుటుంబాలున్న ఊళ్లలో ఇది ఎంత పెద్ద దెబ్బో మీరు ఊహించగలరు. మండల కేంద్రం నుంచి ఎస్ఐ గారిని ఒక్క సాయంత్రం పిలిపించండి. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్మును ఆపే అవకాశం ఉంటుందని ప్రతి ఇంటికీ చెప్పే పనిని యువతకే ఇవ్వండి. ఊళ్లో ముసలివాళ్ల ఫోన్లు సరిచూసి పెట్టేది ఎలాగూ వాళ్లే.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి 14416 అనే టెలిమానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు గది తలుపు మీద రాసి పెట్టండి. దానికంటే ముందు, ఆ గదికి ఎప్పుడూ వచ్చే స్నేహితుడు రెండు వారాలుగా రావడం లేదని గమనించే పది మంది ఉండడం ముఖ్యం. అందుకే నేను శిబిరం అడగడం లేదు, ఏడాది పొడవునా తెరిచి ఉండే చోటు అడుగుతున్నాను.

శిబిరాల సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, ఏడు రోజులు దత్తత ఊళ్లో ఉండాలి. 1969లో గాంధీ శతజయంతి ఏడు మొదలైన ఆ పథకం మా పిల్లలకు చాలా నేర్పింది. మేము వచ్చి ఇంకుడు గుంతలు తవ్వుతాం, వీధులు ఊడుస్తాం, సర్వే చేస్తాం. మీ ఊరి పిల్లలు అరుగుల మీద నిలబడి చూస్తుంటారు. తమ ఊరి పని పరాయి పిల్లలు చేస్తుంటే చూస్తూ నిలబడడం ఏ యువతకూ మంచిది కాదు. కాలేజీ శిబిరం వచ్చినప్పుడు మీ యువత ముందుండి పని ఎంచాలి, మా పిల్లలు వాళ్లకు సాయం చేయాలి. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాల పుణ్యమా అని ఒకప్పుడు చాలా ఊళ్లలో యువజన సంఘం బోర్డు, ఒక క్యారమ్స్ బల్ల, ఒక పేపరు ఉండేవి. 2023లో కేంద్ర ప్రభుత్వం యువత కోసం తెచ్చిన మై భారత్ వేదికలో ఫోను మీద పేరు నమోదు చేసుకోవచ్చు. చేసుకోమనండి. కానీ పేరు నమోదయ్యాక ఆ పిల్ల సాయంత్రం ఎక్కడికి వెళ్లాలన్నది మీ ఊళ్లోనే తేలాలి.

ఇక అధికారం సంగతి. ఇదే అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకుంటాను. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపమంది. పారిశుధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం లాంటి పనులకు స్థాయీ సంఘాలు వేయమంది. ఈ సంఘాలు చాలా ఊళ్లలో రిజిస్టరులోనే ఉన్నాయి. వాటిలోకి యువతను తీసుకోండి. వీధి దీపాలు వాళ్లకు అప్పగించండి. ఎన్ని స్తంభాలు, ఏ వాడలో ఎన్ని వెలగడం లేదు, బల్బు ధర ఎంత, ఎక్కడ కొంటే చౌక, అన్నీ రాసుకుని వస్తారు. ఎస్సీ కాలనీ చివరి స్తంభం ఎప్పటి నుంచి వెలగడం లేదో కూడా ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. గ్రామసభలో ఆ లెక్కను ఒక అమ్మాయి లేచి చదవాలి. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పాలి. ఊరి పెద్దల ముందు ఒకసారి అలా నిలబడిన పిల్ల ఇంటర్వ్యూకు వెళ్లి వణకదు.

గ్రామసభలో ఓటర్లకే చోటు, పదిహేను, పదహారేళ్ల వాళ్లు అందులో సభ్యులు కారు. కర్ణాటకలో ఇందుకే మక్కళ గ్రామసభ పేరుతో పిల్లల గ్రామసభలు జరుపుతున్నారు, పిల్లలు లేచి బడి మరుగుదొడ్డి గురించి, బస్సు గురించి అధికారులను అడుగుతారు. అక్కడి పంచాయతీ గ్రంథాలయాలు 2020లో పిల్లలను ఉచితంగా సభ్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టాయి. కేరళలో మహిళా సంఘాల పథకమైన కుటుంబశ్రీ కింద పిల్లల బాలసభలు ఉన్నాయి. ఇతర రాష్ట్రాల పంచాయతీలు చేస్తున్నది మనం చేయలేకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు. మన దగ్గర 21 ఏళ్లు నిండితే సర్పంచ్‌గా పోటీ చేయవచ్చు. ఇరవయ్యేళ్ల దాకా పంచాయతీ గడప తొక్కని పిల్ల, ఆ మరుసటి ఏడు ఆ కుర్చీలో ఎలా కూర్చుంటుంది?

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. బిల్లులు ఆగుతాయి, ట్రాక్టరు డీజిలుకే కటకటగా ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి వచ్చాయి. నేను చెబుతున్నదానికి కావాల్సింది నాలుగు ట్యూబ్‌లైట్లు, చాపలు, ఒక బీరువా, నెలనెలా కొద్ది మొత్తం. ఊళ్లోంచి పోయి హైదరాబాద్‌లో, దుబాయ్‌లో, అమెరికాలో స్థిరపడినవాళ్లు గుడి గోపురానికి చందా ఇస్తున్నారు. ఇలాంటి గదికి అడిగితే కాదనరు. అయితే ఎవరు ఎంత ఇచ్చినా గది మీద వాళ్ల ఫ్లెక్సీ ఉండకూడదు. మీ ఫ్లెక్సీ కూడా ఉండకూడదని అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఎన్నికల ముందు ఈ పిల్లలే జెండాలు మోశారు, బైకు ర్యాలీలకు వచ్చారు, పెట్రోలు పోయించుకున్నారు, కొందరు అక్కడే మొదటిసారి తాగారు. ఆ గదిలోకి పార్టీ రాకుండా చూడడం మీవల్లే అవుతుంది. ఓడిపోయిన అభ్యర్థి ఇంటి పిల్లలు కూడా అందులో ఉండాలి. వాళ్లు రాకపోతే మీరే వెళ్లి పిలవాలి.

గొడవలు వస్తాయి. డబ్బు లెక్క తప్పుతుంది. ఒక నెట్టు పోతుంది, ఒక తలుపు విరుగుతుంది. అప్పుడు తాళం వేసేయాలనిపిస్తుంది. వేయకండి. వాళ్లను కూర్చోబెట్టి పుస్తకం తీయించండి. తప్పు ఎక్కడ జరిగిందో వాళ్ల చేతే చెప్పించండి, పోయింది వాళ్ల చేతే కట్టించండి, మళ్లీ తాళం చెవి వాళ్లకే ఇవ్వండి. ఇలాంటి ఒక్క పంచాయితీ నేర్పింది నా ఏడాది పాఠాలు నేర్పలేవు. పెద్దవాళ్లలో ఒకరు మాత్రం తోడుండాలి. విశ్రాంత ఉపాధ్యాయురాలు కావచ్చు, సైన్యం నుంచి తిరిగి వచ్చిన జవాను కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు. పిల్లల మాట మధ్యలో అందుకోని మనిషి అయితే చాలు.

వచ్చే గ్రామసభ ఎజెండాలో దీన్ని చేర్చండి. ఆ సభకు పదిహేనేళ్లు దాటిన పిల్లల్ని కూడా పిలవండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఏ గది ఇస్తారో, ఏ పని అప్పగిస్తారో, మొదటి ఆరు నెలలకు ఎంత డబ్బు కేటాయిస్తారో తీర్మానంలో రాయించండి. లెక్క ఎప్పుడు చదవాలో తేదీ వేయండి. తాళం చెవి ఏ అమ్మాయి దగ్గర, ఏ అబ్బాయి దగ్గర ఉండాలో ఆ సభలోనే పేర్లు పిలిచి అప్పగించండి. మా కాలేజీల నుంచి ఏ సాయం కావాలన్నా ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాయండి, మా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలను తీసుకుని మేము వస్తాం.

ఇట్లు,
మీ పిల్లలకు పాఠాలు చెప్పే ఒక అధ్యాపకురాలు